పండుగ తరువాతి పని, ప్రయాణమునకు ముందటి కాయకము

భోగి, సంక్రాంతి, కనుమ గడచును. కనుమనాడు కాకియైనను కదలదని పెద్దల మాట. ముక్కనుమ దాటిన మరునాటినుండి గుంటూరు, ప్రకాశం సీమల బస్సులన్నియు క్రిక్కిరిసిపోవును. హైదరాబాదునకు, బెంగుళూరునకు, చెన్నపట్టణమునకు పోవువారు అరిసెల డబ్బాలు, పచ్చడి జాడీలు సర్దుకొని పనిచోటికి మరలుదురు. పల్లెలో నిలిచినవారు పత్తి చివరి తీతకును, మిరప కోతకును చేలకు పోవుదురు. ఈ మరలినవారిలో కొందరి స్థితి వేరు. వారి దేహము పాత పనికి వచ్చినది గాని మనస్సు అప్పుడే సముద్రము దాటిపోయినది. విదేశయానమునకు సిద్ధపడుచు, పండుగ సెలవుల పిమ్మట తిరిగి పనిలో కూర్చున్న అట్టివారికి కాయక సిద్ధాంతము ఏమి బోధించునో విచారించుట ఈ పాఠమునకు విషయము.

నడుమనున్న కాలము

ఈ నడుమ కాలము చిన్నది కాదు. అమెరికాలో చదువబోవు విద్యార్థికి విద్యాసంవత్సరము సామాన్యముగా ఆగస్టులో మొదలగును. అక్కడ హెచ్-1బి వీసాపై ఉద్యోగము కోరువాని పేరును ఆ దేశపు యజమాని మార్చి నెలలో నమోదు చేయును. పేర్లు పరిమితికి మించినచో ఎంపిక చీటీల వంటి పద్ధతిని జరుగును. ఎంపికయైనవాడు సాధారణముగా అక్టోబరు 1 మొదలుకొని పనిలో చేరవచ్చును. అనగా సంక్రాంతినుండి లెక్కించినచో ఏడు మొదలు తొమ్మిది నెలలు. ఇంతకును పేరు రాకపోవచ్చును, వీసా దొరకకపోవచ్చును. పోవుదునో పోనో తెలియని ఈ నెలలను రైలుకై వేచియుండు గదివలె గడుపువారు పెక్కురు. చేతిలోని పని చులకనయగును. “ఎట్లును పోవువాడనే గదా” యను మాట నాలుకమీద నిలుచును.

కాయకమనగా నేమి?

12వ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారము చూచిన బసవన్న స్వయముగా ఉద్యోగి. ధనపు లెక్క చూచుట, భక్తి చేయుట ఆయనకు రెండు వేర్వేరు జీవితములు కావు. కాయముతో చేయబడునది కాయకము. అది సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలము దాసోహమునకు చేరవలెను. ఏ పనియు తక్కువ కాదు, ఏ పనియు ఎక్కువ కాదు. జీతమునుబట్టి పనికి గౌరవము ఏర్పడనట్లే, ఆ పనిలో ఇంకెన్నాళ్లు ఉందుమను దానినిబట్టియు ఏర్పడదు. ముప్పది యేండ్లు చేయబోవువాని నేటి పనియు, మూడు నెలలలో విడిచిపోవువాని నేటి పనియు ఒక్కటే తూకము.

ఇద్దరు మారయ్యలు

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చినవారు. వారును ఊరు విడిచినవారే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అల్లమప్రభువు సన్నిధిని అనుభవగోష్ఠిలో మునిగి ఆయన కాలము మరచెను. అప్పుడు లక్కమ్మ వచ్చి, పని నిలిచిపోయినదని జ్ఞాపకము చేసి పంపెనని శరణుల కథ. ఆమె గోష్ఠిని నిందింపలేదు. దాని వేళ తీరినదనియు, పని వేళ వచ్చినదనియు మాత్రమే తెలిపినది. శివానుభవగోష్ఠియే పనిని మాన్పుటకు కారణము కానప్పుడు, వీసా కబురులు, పండుగ ముచ్చటలు కారణమగునా?

మరియొకరు మోళిగె మారయ్య. ఆయన కాశ్మీర దేశపు రాజనియు, రాజ్యము విడిచి భార్యతో కల్యాణమునకు వచ్చి కట్టెలమోపులమ్మి జీవించెననియు సంప్రదాయము చెప్పును. పరదేశమున ఆయనకు కిరీటము పనికిరాలేదు, చేతులు పనికివచ్చినవి. నేడు విదేశమునకు పోవు పట్టభద్రుడును మొదటి దినములలో గిన్నెలు కడుగవలసి రావచ్చును, అంగడిలో నిలువవలసి రావచ్చును. ఇక్కడి చివరి నెలలలో పనిని చులకన చేసి అలవాటుపడినవానికి అక్కడి మొదటి నెలలు దుర్భరమగును. పనియందలి శ్రద్ధ పెట్టెలో సర్దునది కాదు. విమానాశ్రయమున తూకము వేయని సామాను అదొక్కటే.

లోపలి తేమ

మిరప పండించు సీమకు ఒక ఉపమానము చాలును. కోసిన కాయను కల్లములో పలుదినములు ఎండబెట్టి, తిరుగవేసి, తాలుకాయ ఏరి, పిమ్మట టిక్కీలకెత్తుదురు. తొందరపడి ఎత్తిన కాయ పైకి ఎండినట్లే గలగలలాడును. లోపలి తేమ మాత్రము శీతల గిడ్డంగిలోనో, కొన్నవాని యింటనో బూజై బయటపడును. అప్పటికి అమ్మినవాడు అక్కడ ఉండడు. పోవువాడు సగము చేసి అప్పగించిన పనియు అట్టిదే. వ్రాయని లెక్క, చెప్పని లోపము, దాచిన బాకీ, ఇవన్నియు లోపలి తేమలే. దాని ఫలము అనుభవించునది వాని తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవాడు.

కావున పండుగనుండి మరలిన మొదటి వారముననే తన చేతిలోని పనులన్నిటిని ఒక పుస్తకమున వ్రాయుట మంచిది. ఏది పూర్తియగును, ఏది మిగులును, మిగిలినదానిని ఎవరు చేయవలెను అను మూడు విషయములు అందుండవలెను. ఉపాధ్యాయిని పరీక్షలవరకు పాఠ్యక్రమము ముగించి పోవుటయో, లేక వచ్చువారికి ప్రతి పిల్లవాని స్థితిని తెలుపుటయో చేయవలెను.

ప్రయాణము నిశ్చయము కాకమునుపే యజమానికి చెప్పవలెనా యను సందేహము అనేకులకు కలుగును. నిశ్చయముకాని దానిని చాటుట ధర్మము కాదు, అవసరమును కాదు. కాని ఒప్పందములోని గడువు పాటించుట ధర్మము. “రెండేండ్లు ఉందును” అని మాటయిచ్చి శిక్షణ పొందుట, పోవుదునని ఎరిగియు కొత్త బాధ్యత నెత్తికెత్తుకొనుట సత్యశుద్ధము కాదు. మౌనము వేరు, మోసము వేరు.

వలసవచ్చినవారి ఋణము

విదేశయానపు ఖర్చునకు మిరప సొమ్మునే నమ్ముకొన్న యిండ్లు ఈ సీమలో కలవు. ఆ మిరపను కోయుటకు కర్నూలు సీమ పడమటి మండలములనుండి, ఆదోని, కోసిగి ప్రాంతములనుండి, కుటుంబములు యిండ్లకు తాళములు వేసి వచ్చుచున్నవి. చేల గట్లమీద గుడారములలో కాపురముండి, పిల్లల బడి మాన్పించి వారు పని చేయుదురు. వారును వలసపోయినవారే. పాస్‌పోర్టు లేదు, వీడ్కోలు విందు లేదు, అంతియే భేదము.

కుమారుని విమానపు టిక్కెట్టు కొనుటకై కోతకూలిని “సరుకు అమ్మిన తరువాత చూతము” అని నిలుపుట జరుగుచుండును. గుంటూరు మిర్చి యార్డునకు ఏటేట వేసవి సెలవులు వచ్చును. సరుకు మిగిలినచో అమ్మకము జూనుదాక జరుగకపోవచ్చును. అప్పటికి కూలివారు తమ ఊరికి మరలియుందురు. అడుగుటకు వారు లేరు. ఇచ్చుటకు ఇతడు లేడు. పరదేశమున తన జీతము ఒక్క వారము ఆలస్యమైనచో కలుగు వేదన ఎట్టిదో పోవువాడు ముందే ఊహించుకొనవలెను. వలసపోవువాడు మొదట తీర్పవలసిన ఋణము వలసవచ్చినవానిదే. లక్కమ్మ అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిరిగి పోసి రమ్మని భర్తను పంపినది. ఇతరుల కూలి యింటనుంచుకొని చేయు ప్రయాణమును ఆమె ఎట్లు చూచియుండును?

భూమి, కౌలుదారు, తల్లిదండ్రులు

స్వదేశమున ఉన్నప్పుడు సంక్రమించిన పొలమును, పరదేశమున నివసించు భారత పౌరుడు ఉంచుకొనవచ్చునని 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టము చెప్పును. అక్కడ స్థిరపడిన పిమ్మట వ్యవసాయ భూమిని కొత్తగా కొనుటకు మాత్రము సామాన్యముగా వీలు లేదు. కావున పొలము చూచుటకు నమ్మినవారికి అధికారపత్రమును పోకమునుపే రిజిస్ట్రారు కార్యాలయమున వ్రాసియిచ్చుట సులువు. పరదేశమున వ్రాసినచో భారత దౌత్యకార్యాలయపు ధ్రువీకరణయు, ఇక్కడికి చేరిన మూడు నెలలలోపల స్టాంపు ముద్రయు అవసరమగును.

కౌలుదారును మరువరాదు. 2019లో ఆంధ్రప్రదేశమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమును ఏర్పరచినది. దానిచే యజమాని హక్కు చెడదు. కౌలుదారునకు పంటఋణము, నష్టపరిహారము పొందు దారి దొరకును. అట్టి ఒప్పందమునకు యజమాని సంతకము కావలెను. సంతకము చేయక విమానమెక్కినవాని పొలమున పంట పోయినచో, నష్టమంతయు దున్నినవానిదే.

తల్లిదండ్రుల మందుల చీటీ, బ్యాంకు పుస్తకము, పొలము కాగితములు ఎక్కడనున్నవో ఇంటిలో మరియొకరికి తెలిసియుండవలెను. ప్రయాణపు హడావుడిలో వారి కంటిపరీక్ష వాయిదా పడరాదు.

దాసోహము

1946లో స్థాపింపబడిన గుంటూరు వైద్యకళాశాలలో చదివి ఉత్తర అమెరికాకు పోయిన వైద్యులు సంఘముగా కూడి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి భవనములకు ధనసహాయము చేసిరి. దూరమున్నను దాసోహము సాగునని చెప్పుటకు ఇది నిదర్శనము. కాని క్రమము తప్పరాదు. ఋణము తీర్చుట ముందు, దానము తరువాత. కూలి ఎగవేసి పోయినవాడు పదేండ్లకు మరలివచ్చి ఊరిలో ద్వారము కట్టించినచో, ఆ ద్వారము క్రింద నడచువారిలో కొందరు పాతబాకీని జ్ఞాపకముంచుకొందురు.

చింతనాంశములు

1. నేడే ప్రయాణము రద్దయినచో, ఈ వారము చేసిన పనిని తలచి సిగ్గుపడవలసి వచ్చునా?

2. తన తరువాత వచ్చువానికి ఏయే విషయములు తెలియకపోయినచో కష్టము కలుగును? అవి వ్రాయబడినవా?

3. తనకు పని చేసినవారిలో ఎవరి కూలియైనను మిగిలినదా?

పేరు వచ్చినను రాకున్నను, వీసా దొరికినను దొరకకున్నను, ఈ మూడు ప్రశ్నలకు నిష్కపటముగా ఉత్తరమీయగలవానికి ఈ నెలలు వ్యర్థములు కావు. పోయినచో నిశ్చింతగా పోవును. ఉన్నచో తలయెత్తి ఉండును.