తిరునాళ్ళలో రైతు అంగడి: నష్టానికి కారణాలు, సరుకు పరిమాణ నిర్ణయ విధానం

సారాంశం

జాతరలు, తిరునాళ్ళలో స్వయంగా అంగడి పెట్టుకొనే రైతులు, మహిళా సంఘాల సభ్యులు అమ్మకం బాగానే సాగినా నష్టంతో తిరిగి రావడం తరచుగా కనిపిస్తుంది. ఇందుకు గల కారణాలను ఒక క్షేత్రానుభవం ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించి, వెళ్ళాలా వద్దా, వెళితే ఎంత సరుకు తీసుకువెళ్ళాలి అనే రెండు నిర్ణయాలకు సులభమైన లెక్కను సూచించడమైనది. ఇందులోని ధరలు ఆనాటి అనుభవానికి, ఉదాహరణలకు సంబంధించినవి. క్షేత్రంలో అప్పటి ధరలనే వేసుకోవాలి.

ప్రస్తావన

కోటప్పకొండ తిరునాళ్ళ మహాశివరాత్రికి జరుగుతుంది. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారాలలో సాగుతుంది. మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్ళకొకసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరుగుతుంది. అక్కడ భక్తులు బెల్లాన్ని 'బంగారం'గా సమర్పిస్తారు. మూడు చోట్లా జనం విస్తారంగా వస్తారు. కాని అమ్మేవారికి ఇవి మూడు వేర్వేరు విపణులు. మొదటిచోట చేసిన పొరపాటును దిద్దుకోవాలంటే ఏడాది ఆగాలి. రెండవచోట వచ్చే ఆదివారమే దిద్దుకోవచ్చు. మూడవచోట మొదటి రోజు అనుభవం రెండవ రోజుకు పనికివస్తుంది. ఆ నాలుగు రోజులు దాటితే మళ్ళీ రెండేళ్ళ తరువాతే.

మన విస్తరణ బోధనలో పంట పండించడం గురించి, నిల్వ గురించి, సంతలో ధరల గురించి చెబుతున్నాము. కొద్ది గంటలలో ముగిసిపోయే విపణి గురించి దాదాపు ఏమీ చెప్పడం లేదు. ఈ లోపం నా బోధనలోనూ ఉండేది.

ఒక శివరాత్రి అనుభవం

కొన్నేళ్ళ క్రితం ఐదుగురు మహిళా రైతుల సంఘం ఒకటి శివరాత్రి తిరునాళ్ళలో జామకాయలు అమ్మదలచి నన్ను సంప్రదించింది. ఉపవాస దినం కనుక పండ్లకు గిరాకీ ఉంటుందని, 200 కిలోలు తీసుకువెళ్ళమని సలహా ఇచ్చాను. కిలో అమ్మకపు ధర రూ.60, సరుకు విలువ, కోత, గ్రేడింగు కలిపి ఖర్చు రూ.35. కిలోకు రూ.25 మిగులు చొప్పున రూ.5,000 వస్తుందని చెప్పాను.

ఆ రోజు 150 కిలోలు అమ్ముడుపోయాయి. మిగిలిన 50 కిలోలను మరునాడు పట్టణంలో కిలో రూ.15కు వదిలించుకోవలసి వచ్చింది. అంగడి స్థలానికి, ఆశీలుకు రూ.1,500, ఆటో బాడుగకు రూ.1,200, పందిరికి, దీపాలకు రూ.500, ఇద్దరి కూలికి రూ.800, మొత్తం రూ.4,000 స్థిర ఖర్చు అయింది. అమ్మిన సరుకుపై మిగులు రూ.3,750. మిగిలిన సరుకుపై కిలోకు రూ.20 చొప్పున నష్టం రూ.1,000. స్థిర ఖర్చు తీసివేయగా నికర నష్టం రూ.1,250, అంటే ఒక్కొక్కరికి రూ.250.

రాత్రంతా అంగడి ముందు జనం ఉన్నారు, చేతులు ఖాళీగా లేవు, అయినా డబ్బు ఎటు పోయిందని వారు నన్ను అడిగారు. నేను చెప్పిన లెక్కలో స్థిర ఖర్చు లేదు, మిగులు సరుకు లేదు. 200 కిలోలూ అమ్ముడుపోయినా వారికి మిగిలేది రూ.1,000 మాత్రమే. ఆ తరువాత రెండేళ్ళు ఆ సంఘం ఏ తిరునాళ్ళకూ వెళ్ళలేదు.

నిరాశకు మూలాలు

మొదటిది, జనసంఖ్యను గిరాకీగా భావించడం. దర్శనానికి పోయేవారు బరువు మోయడానికి ఇష్టపడరు. కొనేవారు ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే కొంటారు. కాబట్టి ఎంతమంది వస్తారు అన్నదానికంటే ఏ దారిన తిరిగి పోతారు అన్నది ముఖ్యం. ఆనాడు సాయంత్రం రద్దీ వల్ల తిరుగు దారిని మార్చడంతో మా అంగడి ఎదుట కొండకు వెళ్ళేవారే మిగిలారు.

రెండవది, గిరాకీ ఒక నిర్ణీత ఘడియకు ముగియడం. శివరాత్రి ఉపవాసం మరునాటి ఉదయం ముగుస్తుంది. రాత్రి రూ.60 పలికిన కాయకు తెల్లవారిన తరువాత ఆ ధర ఉండదు. సంతలో మిగిలిన సరుకును మరుసటి సంతకు తీసుకుపోవచ్చుననే అలవాటు ఇక్కడ చెల్లదు.

మూడవది, సరుకు స్వభావం. జామ కోసిన తరువాత కూడా పండుతూనే ఉంటుంది. ఎండలో, గాలిలో నీటిని కోల్పోయి వాడిపోతుంది. ఆకుకూరలు గంటలలోనే వడలుతాయి. బెల్లం రోజుల తరబడి నిలుస్తుంది గాని గాలిలోని తేమను పీల్చుకొంటుంది. మంచు కురిసే రాత్రులలో కప్పకుండా ఉంచితే మెత్తబడి జిగురు పడుతుంది. గడ్డ బెల్లంలో తేమ 10 శాతానికి మించరాదన్నది ఆహార ప్రమాణం.

నాలుగవది, అమ్మేవారి కష్టం. మరుగుదొడ్డి లేకపోవడం, రాత్రివేళ సరుకుకు, డబ్బుకు కాపలా, జనసమ్మర్దంలో ఫోన్ సంకేతాలు అందక చెల్లింపులు ఆగిపోవడం, చిల్లర కొరత వంటివి లాభనష్టాల పట్టికలో కనిపించవు. కాని స్త్రీలు మరుసటి ఏడాది వెళ్ళాలా వద్దా అని నిర్ణయించుకొనేటప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేవి ఇవే.

ఎంత సరుకు తీసుకువెళ్ళాలి?

దీనికి రెండు అంకెలు కావాలి. సరుకు చాలకపోతే కిలోకు కోల్పోయే లాభం మొదటిది. ఇది అమ్మకపు ధర నుండి ఖర్చు తీసివేస్తే వస్తుంది. సరుకు మిగిలితే కిలోకు కలిగే నష్టం రెండవది. ఇది ఖర్చు నుండి మిగులు సరుకు ధర తీసివేస్తే వస్తుంది. మొదటి అంకెను రెండింటి మొత్తంతో భాగించగా వచ్చేదాన్ని ఇక్కడ సంతులన నిష్పత్తి అందాము. దినపత్రికలు అమ్మేవాని సమస్యగా ప్రసిద్ధమైనది ఇదే.

జామకు కోల్పోయే లాభం రూ.25, మిగిలితే నష్టం రూ.20, నిష్పత్తి 25/45, అనగా సుమారు 0.56. తోటకూర కట్ట ఖర్చు రూ.7, ధర రూ.10, మిగిలితే విలువ సున్న అనుకొంటే నిష్పత్తి 3/10, అనగా 0.30. బెల్లం కిలో ఖర్చు రూ.55, ధర రూ.70, మిగిలితే రూ.50కు అమ్మవచ్చుననుకొంటే నిష్పత్తి 15/20, అనగా 0.75.

ఇప్పుడు గత అమ్మకాలను చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా వ్రాయాలి. మా సంఘం అంకె ఒకటి, అదే తిరునాళ్ళలో జామ అమ్మిన ఇద్దరు రైతులు చెప్పినవి నాలుగు కలిపితే 110, 130, 150, 170, 200 కిలోలు వచ్చాయి. ఐదింటిలో ఒక్కొక్కటి 0.20 వాటా. వాటాలను కూడుతూ పోగా మొత్తం మొదటిసారి నిష్పత్తికి సమానమైన లేదా దాటిన చోటి అంకెను తీసుకోవాలి. 0.56కు మూడవ అంకె, అనగా 150 కిలోలు. ఇదే పద్ధతిలో తోటకూరకు దాని అమ్మకాల వరుసలో రెండవ అంకెను, బెల్లానికి నాలుగవ అంకెను తీసుకోవాలి. త్వరగా చెడే సరుకును మామూలు అంచనా కంటే తక్కువగా, నిలిచే సరుకును ఎక్కువగా తీసుకువెళ్ళాలన్న అనుభవజ్ఞుల మాటకు లెక్క ఇది.

ఒక హెచ్చరిక అవసరం. మధ్యాహ్నానికే సరుకు అయిపోయిన రోజున అమ్మిన పరిమాణం గిరాకీ కాదు. గిరాకీ అంతకంటే ఎక్కువ. కాబట్టి ఎంత అమ్మారో కాక, ఏ వేళకు అయిపోయిందో కూడా వ్రాసి ఉంచుకోవాలి.

వెళ్ళాలా, వద్దా?

స్థిర ఖర్చును కిలో మిగులుతో భాగిస్తే లాభనష్టాలు లేని పరిమాణం వస్తుంది. 4,000ను 25తో భాగిస్తే 160 కిలోలు. తీసుకువెళ్ళదగినది 150 కిలోలే అయినప్పుడు 160 కిలోలు అమ్మితే గాని ఖర్చు రాని చోటికి వెళ్ళకూడదు. ఈ లెక్క ముందే వేసి ఉంటే నేను ఆ సంఘానికి ఒంటరిగా వెళ్ళవద్దని చెప్పేవాడిని. వేరొక సరుకు అమ్మేవారితో అంగడిని, ఆటోను, పందిరిని, కూలిని పంచుకొంటే స్థిర ఖర్చు రూ.2,000కు, ఆ పరిమాణం 80 కిలోలకు తగ్గుతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. స్థలం తీసుకొనే ముందు తిరుగు దారిని రైతులతో కలిసి నడిచి చూడాలి.
2. ఆశీలు, అద్దె ఎంతో ముందే తెలుసుకొని, చెల్లించిన మొత్తానికి రసీదు అడగమని చెప్పాలి.
3. మిగులు సరుకును ఎవరికి, ఏ ధరకు ఇవ్వాలో బయలుదేరకముందే మాట్లాడుకోవాలి.
4. తూకపు యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం రైతుకు, అతని పంటకు వర్తించదు. కాని లడ్డూలు, పచ్చళ్ళు వంటి తయారీ పదార్థాలు అమ్మేవారికి నమోదు అవసరం.
5. అమ్మే స్త్రీలకు మరుగుదొడ్డి, రాత్రి బస ఎక్కడో ముందుగా నిశ్చయించాలి. ఇవి లేనిచోటికి పంపరాదు.

విద్యార్థులకు అభ్యాసం: మొక్కజొన్న పొత్తు ఖర్చు రూ.12, ధర రూ.20, మిగిలితే రూ.4. సంతులన నిష్పత్తి ఎంత? (సమాధానం: 0.50)

ముగింపు

రెండేళ్ళ తరువాత ఆ సంఘం చిలగడదుంపలు అమ్మే మరొక సంఘంతో అంగడి పంచుకొని 150 కిలోల జామ తీసుకువెళ్ళింది. ధరలు మారలేదు. 130 కిలోలు అమ్ముడుపోయాయి. మిగులు రూ.3,250లో మిగిలిన 20 కిలోల నష్టం రూ.400, స్థిర ఖర్చు రూ.2,000 పోగా రూ.850 చేతికి వచ్చింది. మొదటిసారి కంటే 20 కిలోలు తక్కువ అమ్మి, లాభంతో తిరిగి వచ్చారు. మొత్తం చిన్నదే, కాని ఈసారి డబ్బు ఎటు పోయిందని వారు నన్ను అడగలేదు, లెక్క వారే వేసి చూపించారు. రైతును విపణికి పంపే ముందు ఆ లెక్కను అతని చేతికి ఇవ్వడం విస్తరణ విధులలో భాగం కావాలి.