ఆకలికి చచ్చేది ఒకటి, అజీర్తికి చచ్చేది ఒకటి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి రాజాంలో మా ఇంట్లో కరెంటు లేదు. ఇన్వర్టరుంది కదా అన్న ధీమాతో ఫ్యానూ లైట్లూ వేసుకు కూర్చున్నాం. తెల్లవారేసరికి అదీ ఆరిపోయింది. కరెంటు వచ్చాకైనా ఛార్జింగు పెట్టామా అంటే లేదు. ఇన్వర్టరే పాడయిందనుకుని తీగలు పీకి, బ్యాటరీని మూల పెట్టి రెండు నెలలు మరచిపోయాం. తర్వాత ఎంత ఎక్కించినా అరగంట నిలవలేదు. మేస్త్రి చూసి, "ఆకలితో పడుకోబెట్టీసినారు మాస్టారూ, ఇంకేటి లేస్తాది?" అన్నాడు. ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, తల దించుకున్నాను.

మేస్త్రి మాటలో శాస్త్రం ఉంది. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే ఇది. ఒక ప్లేటు సీసం, రెండోది సీసపు డయాక్సైడు, మధ్య నీళ్లు కలిపిన గంధకికామ్లం. ఒక్కో అర సుమారు 2 వోల్టులు. ఆరు అరలు కలిస్తే 12. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. అందుకే హైడ్రోమీటరు ముంచితే కథంతా తెలుస్తుంది: 1.25 దరిదాపుల్లో ఉంటే నిండినట్టు, 1.15కు దిగితే ఖాళీకి చేరువైనట్టు. వెంటనే ఛార్జింగు పెడితే ఆ సల్ఫేటు మళ్లీ కరుగుతుంది. ఖాళీగా వదిలేస్తే గట్టి స్ఫటికాలై కూర్చుంటుంది. మాకు జరిగింది అదే.

ఇక నీళ్లు. ఛార్జింగు చివర్లో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా బయటికి పోతుంది. తగ్గింది నీరే కనుక డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆసిడ్ పోయకూడదు. కుళాయినీళ్లలోని లవణాలు ప్లేట్లకు చేటు. గది మూసిపెట్టడం, దగ్గర అగ్గిపుల్ల గీయడం మరీ ప్రమాదం.

ఈ పాఠం ఒంటపట్టించుకుని నేను రెండో తప్పు చేశాను. ఫోనును కూడా ఎప్పుడూ నిండుగా ఉంచాలని, రాత్రంతా ఛార్జింగులోనే, అదీ తలగడ కింద పెట్టేవాణ్ణి. రెండేళ్లలో వీపు ఉబ్బింది!

ఫోనులోది లిథియం. ఆ పరిశోధనకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. సీసపు బ్యాటరీలతో పేరుపడ్డ మన అమరరాజా వారు కూడా 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఇందులో లిథియం అయాన్లు ఛార్జింగప్పుడు గ్రాఫైటు పొరల మధ్యకు చేరతాయి, వాడుకున్నప్పుడు తిరిగి వెళతాయి. బస్సులో సీట్లు మారినట్టు. పూర్తిగా నిండితే సుమారు 4.2 వోల్టులు. ఆ ఒత్తిడికి లోపలి ద్రవం మెల్లగా చెడుతుంది, గ్రాఫైటు మీద పొర మందమై కొంత లిథియాన్ని మింగేస్తుంది. వేడి తోడైతే మరీ తొందర. కాబట్టి దీన్ని 20కీ 80కీ మధ్య తిప్పుకోవడం మేలు. నెలల తరబడి దాచాలంటే సగం నింపి, చల్లని చోట పెట్టాలి.

"మొత్తం దిగాకనే ఎక్కించాలి" అనే సలహా హాస్టళ్లలో ఇప్పటికీ వింటుంటాను. అది పాత నికెల్-కాడ్మియం సెల్స్ నాటి మాట. ఈ రెండింటికీ అది హానే.

ఉబ్బిన బ్యాటరీని మాత్రం గుచ్చవద్దు, నొక్కవద్దు, మళ్లీ ఛార్జింగు పెట్టవద్దు. నాది మేస్త్రి చేతికే ఇచ్చాను. "దీనికి తిండెక్కువైపోనాది" అన్నాడు.