బాగానే ఉన్నామని మాత్ర మానకండి



ముప్పై ఏళ్ల క్రితం మేము నర్సులుగా డ్యూటీలో చేరినప్పుడు మెడికల్ వార్డులో ఎక్కువ మంచాలు విరేచనాలు, టైఫాయిడు, మలేరియా, క్షయ రోగులవే. కొన్నాళ్ల చికిత్సతో నయమై ఇంటికి వెళ్ళేవారు. నేడు అదే వార్డులో బి.పి., షుగరు, పక్షవాతం, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు గలవారే ఎక్కువ. ఇవి వచ్చి పోయేవి కావు, ఏళ్ల తరబడి ఉండేవి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు, 31 కోట్ల మందికి బి.పి. ఉన్నాయి.

ఆ మధ్య ఒక తల్లిని స్త్రీల వార్డుకు తెచ్చారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట లేదు. "బి.పి. మాత్రలు వాడుతున్నారా?" అని అడిగితే, "తలనొప్పి తగ్గిందని మూడు నెలల క్రితమే మానేసిందండీ అమ్మ" అన్నాడు కొడుకు. మాత్రలు ఇచ్చాము గాని, ఎందుకు మానకూడదో ఆమెకు అర్థమయ్యేలా చెప్పామా అని ఆ రోజు మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. అందుకే ఈ పాఠం.

బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. లోపల మాత్రం రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి. మెదడులో నాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతమే. మాత్ర బి.పి.ని అదుపులో ఉంచుతుంది, జబ్బును తీసివేయదు. కొలిస్తే నార్మల్ వచ్చిందంటే మందు పని చేస్తున్నదని అర్థం, జబ్బు పోయిందని కాదు.

భారం తగ్గించుకొనే మార్గాలు:

1. 30 ఏళ్లు దాటినవారు ఏడాదికి ఒకసారైనా బి.పి., షుగరు చూపించుకోండి. బి.పి. 140/90 గాని, పరగడుపున షుగరు 126 గాని, అంతకు మించి గాని ఉంటే డాక్టరుగారిని కలవండి.

2. రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

3. అన్నం తగ్గించి కూర, ఆకుకూర, పప్పు పెంచండి. రాగి సంకటి, జొన్నరొట్టె మంచివే, కాని కొలత దాటితే అవీ షుగరు పెంచుతాయి.

4. వారానికి 5 రోజులు, అరగంట చొప్పున చురుగ్గా నడవండి.

5. చుట్ట, బీడీ, గుట్కా, మద్యం మానండి.

6. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. స్పర్శ తగ్గితే పుండు పడినా తెలియదు.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు వైద్యానికి తిరగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

మందు కొనే స్తోమత లేకపోతే సిగ్గుపడక మాతో చెప్పండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు.

ఆ తల్లి ఇప్పుడు కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నది. కొడుకు రోజూ కాఫీ గ్లాసుతోపాటే మాత్ర అందిస్తున్నాడు. మీ ఇంట్లోని పెద్దవారిని కూడా ఈ పూటే అడగండి: "ఈ రోజు మాత్ర వేసుకున్నారా?"