ఉప్పునీటి తొట్టికి తోడు

పాలు తోడు పెట్టడం మీ అందరికీ తెలిసిందే. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపితే తెల్లవారేసరికి గిన్నెనిండా పెరుగు. సముద్రపు చేపలను పెంచే అద్దాల తొట్టికి కూడా ఇలాంటి తోడు ఒకటి కావాలి. దానిని ఇప్పుడు సీసాలలో పోసి అమ్ముతున్నారు. ఆ సీసాలో ఏముంటుంది? అది పనిచేస్తున్నదో లేదో మనం ఎలా తెలుసుకోవాలి?

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. మాది బుచ్చిరెడ్డిపాలెం. కనిగిరి రిజర్వాయరు నీటితో వరి పండే ఊరు. కొన్నేళ్ల క్రితం మా తరగతి పిల్లలు ముచ్చటపడితే మైపాడు తీరం నుంచి క్యాన్లతో సముద్రపు నీరు, వేలెడంత చేపలు ఆరు తెచ్చాం. తొట్టిని తళతళలాడేలా తోమాం. అడుగున పరిచే ఇసుకను మరిగే నీళ్లతో కడిగాం. రెండు పూటలా మేత వేశాం. వారం తిరిగేసరికి ఆరు చేపలూ చచ్చిపోయాయి. "నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా సార్, ఎందుకు చచ్చిపోయాయి?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆనాడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ పాఠం.

కంటికి కనిపించని విషం

చేపలు తమ శరీరంలోని వ్యర్థ నత్రజనిని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విడుస్తాయి. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియా పుడుతుంది. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను. దీని వల్ల హాని తక్కువ. రెండవది అయానుగా మారని అమ్మోనియా. ఇదే అసలు విషం. నీటి పి.హెచ్. 7 ఉంటే ఈ విషరూపం వందకు ఒక పాలు కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే నాలుగైదు పాళ్లు ఉంటుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8 కంటె కొంచెం ఎక్కువే! అందువల్ల ఉప్పునీటి తొట్టిలో ప్రమాదం ఎక్కువ. నీరు తేటగా ఉన్నంత మాత్రాన విషం లేదనుకోరాదు.

మరి సముద్రంలో చేపలు ఎలా బ్రతుకుతున్నాయి? అక్కడ నీరు అపారం. పైగా ఇసుకకూ రాళ్లకూ అంటుకొని కొన్ని బాక్టీరియాలు ఉంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకొక రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా హానికరమే. నైట్రేటు వల్ల హాని చాలా తక్కువ. ఈ మార్పునే నత్రీకరణం అంటారు. ఇసుకను మరిగే నీళ్లతో కడిగి ఆ బాక్టీరియాలను చంపినవాణ్ణి నేనే!

ఇరవై రోజుల కథ

ఇది జీవుల పని అని 1877లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ష్లోజింగ్, ముంట్జ్ నిరూపించారు. వారు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పంపారు. ఇరవై రోజుల వరకు అమ్మోనియా మారకుండానే బయటికి వచ్చింది. తరువాత నైట్రేటు రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపగానే ఆ పని ఆగిపోయింది. క్లోరోఫారం తొలగించి, కొంచెం మట్టి కలిపిన నీరు పోస్తే మళ్లీ సాగింది. ఆ మట్టినీరే తోడు! 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాలను వేరుచేసి పెంచాడు. ఈ రెండు పనులనూ ఒంటరిగా చేసే బాక్టీరియా కూడా ఉన్నదని 2015లో తెలిసింది.

ఇరవై రోజులు ఎందుకు పట్టింది? లెక్క వేయండి. పెరుగులోని బాక్టీరియా అరగంటకు ఒకసారి రెట్టింపవుతుందనుకొందాం. పది గంటలలో 20 సార్లు రెట్టింపై, ఒకటి పది లక్షలు దాటుతుంది. నత్రీకరణ బాక్టీరియా రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుందనుకొంటే, అదే సంఖ్యకు 20 రోజులు కావాలి. కొత్త తొట్టి దానంతట అది సిద్ధం కావడానికి నెల, నెలన్నర పట్టేది ఇందుకే. సీసాలో బ్రతికున్న బాక్టీరియా ఎక్కువగా ఉంటే ఆ గడువు తగ్గుతుంది.

ఏ తోడు?

అన్ని సీసాలూ ఒకటి కావు. రొయ్యల చెరువులకు పొడిగా అమ్మే వాటిలో తరచుగా బాసిల్లస్ జాతి ఉంటుంది. అది సిద్ధబీజాలు కట్టి ఎండినా బ్రతుకుతుంది. మిగిలిన మేతను కుళ్లగొట్టడం దాని పని. నత్రీకరణ బాక్టీరియా సిద్ధబీజాలు కట్టదు. ఎండలో వదిలిన సీసాలో అది చచ్చిపోవచ్చు. మంచినీటి రకం ఉప్పునీటిలో సరిగా పనిచేయదు. అందుకే కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు రొయ్య హేచరీల కోసం వీటిని పెంచినప్పుడు టైగర్ రొయ్యలకు ఒకటి, తక్కువ ఉప్పులో పెరిగే నీలకంఠపు రొయ్య పిల్లలకు మరొకటి తయారుచేశారు.

మీరే చేసి చూడండి

మీ సైన్సు మాస్టారి సమక్షంలో చేయండి. చేపలు వద్దు.

1. ఒకే క్యానులోని సముద్రపు నీరు రెండు బకెట్లలో పది లీటర్ల చొప్పున పోయండి. రెండింటిలోనూ కడిగిన ఇసుక సమానంగా వేసి, గాలి బుడగలు పంపండి.

2. లీటరు నీటిలో 6.3 గ్రాముల అమ్మోనియం క్లోరైడు కరిగించండి. దానిలో 10 మి.లీ. చొప్పున ఒక్కో బకెట్టులో పోయండి. లీటరుకు సుమారు 2 మి.గ్రా. అమ్మోనియా అవుతుంది.

3. ఒక బకెట్టులోనే సీసా మందు కలపండి. ఎంత కలపాలో సీసా మీద ఉంటుంది.

4. ఉప్పునీటికి పనికివచ్చే పరీక్ష కిట్టుతో రోజూ అమ్మోనియా, నైట్రైటు కొలిచి గ్రాఫు గీయండి.

మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు పెరుగుతుంది. తరువాత అదీ తగ్గుతుంది. అప్పుడు మళ్లీ 10 మి.లీ. పోయండి. 24 గంటలలో రెండూ సున్నాకు వస్తే ఆ నీరూ ఇసుకా సిద్ధం. తోడు వేసిన బకెట్టు ముందుగా సిద్ధమైతే సీసా మంచిది. రెండూ ఒకేసారి అయితే మీరు పెట్టిన డబ్బు నీళ్లపాలే! రెండవ బకెట్టు లేకుంటే ఈ తేడా మీకు తెలిసేది కాదు.

సిద్ధమైన తొట్టిలో కూడా మొదట ఒకటి రెండు చేపలే వేయండి. ఇసుకనూ వడపోత స్పాంజినీ కుళాయి నీటితో కడగవద్దు. అందులోని క్లోరిన్ ఆ బాక్టీరియాలను చంపుతుంది. తొట్టిలో నుంచి తీసిన నీటితోనే జాడించండి.

మా బడిలో రెండవసారి తెచ్చిన చేపలను ఈ పరీక్ష అయ్యాకనే తొట్టిలో వదిలాం. అవి బ్రతికాయి. ఆనాడు నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి అప్పటికే పదవ తరగతి ముగించి వెళ్లిపోయింది. జవాబు మాత్రం ఆమెకు కార్డు ముక్క మీద రాసి పంపాను.

ఆలోచించండి: బకెట్టులో గాలి బుడగలు ఆపివేస్తే నత్రీకరణం ఎందుకు మందగిస్తుంది?