ముట్లుడిగాక గుండె జాగ్రత్త

సంగం దగ్గర ఒక పల్లె. ఆడవాళ్లు నాట్లేసి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు.

"నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవడ లాగుతోంది. గ్యాసేలే" అంది పెద్దమ్మ.

"గ్యాసని నువ్వే ఎట్టా చెప్తావు పెద్దమ్మా? లే, ఆస్పత్రికి పోదాం" అంది ఆశా కార్యకర్త.

పెద్దమ్మను నెల్లూరు పంపారు. గుండె రక్తనాళంలో అడ్డు ఉందని తేలింది. వేళకు పోయింది. బతికింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ అడిగింది. "నేను బీడీ తాగను. మందు తాగను. గుండెజబ్బు మగోళ్లకు గదా వచ్చేది? నాకెట్టా వచ్చింది?"

మంచి ప్రశ్న. జవాబు చదవండి.

పూడిక

సంగం ఆనకట్ట నుంచి పెన్నా నీళ్లు కాలవల్లో పారతాయి. కాలవ పూడితే చేనికి నీళ్లందవు. రక్తనాళాలు కూడా కాలవల వంటివే. వాటి గోడల్లో కొవ్వు పూడిక చేరుతుంది. పూడిక పగిలితే అక్కడ నెత్తురు గడ్డ కడుతుంది. నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

ఆడవాళ్లకు ఒక కాపలా

గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉంటాయి. వాటిలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారవుతుంది. అది రక్తనాళాలను మెత్తగా, సాగేటట్లు ఉంచుతుంది. చెడ్డ కొవ్వును తగ్గిస్తుంది. మంచి కొవ్వును పెంచుతుంది.

మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఎక్కువ. ఈడొచ్చే వయసులో మగపిల్లల్లో మంచి కొవ్వు తగ్గుతుంది. తరవాత బీడీలు, తాగుడు తోడవుతాయి. అందుకే మగవాళ్లకు గుండెజబ్బు సుమారు పదేళ్లు ముందుగా వస్తుంది.

ముట్లుడిగితే ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. ఆడవాళ్లలోనూ చెడ్డ కొవ్వు పెరుగుతుంది. పైబడే వయసు తోడవుతుంది. కాపలా పోయాక పూడిక మొదలైతే మనకు తెలియదు. పెద్దమ్మకు జరిగింది అదే.

పెద్దాపరేషనా? ముందు అడగండి

2015-16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగారు. దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది!

గర్భసంచితోపాటు అండాశయాలు రెండూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. చిన్న వయసులో ఇట్లా జరిగితే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కాన్సరు వంటి జబ్బులకు ఆపరేషను తప్పకపోవచ్చు. కానీ సంతకం పెట్టేముందు డాక్టరును మూడు మాటలు అడగండి.

ఆపరేషను తప్పదా?
మందులతో నయం కాదా?
అండాశయాలు ఉంచుతారా?

ఇప్పటికే తీసేశారా? భయపడవద్దు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. హార్మోను బిళ్లలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు. ముట్లుడిగిన ఆడవాళ్లకు అమెరికాలో రెండు హార్మోన్లు కలిపిన బిళ్లలు ఇచ్చి చూశారు. అవి గుండెను కాపాడలేదని 2002లో తేలింది. ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి.

మన చేతిలో ఉన్నవి

బీపీ, షుగరు పరీక్ష చేయించుకోండి. ఉప్పు, ఊరగాయ, నూనె తగ్గించండి. పొగాకు, చుట్ట మానండి. ఇంట్లో బీడీ పొగ వద్దనండి. బీపీ మందు మధ్యలో ఆపవద్దు.

ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రావచ్చు. ఒక్కోసారి ఆయాసం, చెమటలు, వాంతి, వీపు నొప్పి, దవడ నొప్పి, ఎన్నడూ లేని నీరసం మాత్రమే ఉంటాయి. "పొద్దున చూద్దాంలే" అనుకోవద్దు. వెంటనే 108కు ఫోను చేయండి.

1991లో మన జిల్లాలో అక్షరదీపం వెలిగింది. దూబగుంట ఆడవాళ్లు చదువుకున్నారు. ఆలోచించారు. ఊళ్లో సారాను ఆపించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆనాడు పాతికేళ్లకు పలక పట్టినవాళ్లు ఇప్పుడు అరవైకి చేరుతున్నారు. ఇంటి కోసం పోరాడినవాళ్లు వాళ్లు. ఇక తమ గుండె కోసం కూడా ఒక రోజు ఆస్పత్రికి పోవాలి.

ఆలోచించండి - చెప్పండి

1. ముట్లుడిగాక గుండెజబ్బు ముప్పు ఎందుకు పెరుగుతుంది?
2. మీ వాడలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఉన్నారా? అండాశయాల సంగతి వాళ్లకు డాక్టరు చెప్పారా?
3. మీరు చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?