కప్పు లేని కెప్టెన్ గొప్పదేనా?



ఈ నెల ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలకు ఒక డిబేట్ పెట్టాను. ప్రపంచకప్పు గెలవని క్రీడాకారిణిని గొప్పవాళ్ల లెక్కలో వేయొచ్చా? ఉదాహరణకు హైదరాబాద్‌లో పెరిగిన మితాలీ రాజ్‌ను తీసుకున్నాం.

ముందు బోర్డు మీద వివరాలు రాశాం. 1999లో తొలి వన్డేలోనే సెంచరీ. 232 వన్డేల్లో 7,805 పరుగులు, సగటు 50కి పైనే. 2022లో రిటైరయ్యే నాటికి మహిళల వన్డేల్లో అన్ని పరుగులు ఇంకెవరికీ లేవు. రెండు ప్రపంచకప్పు ఫైనల్స్‌కు ఆమే కెప్టెన్. 2005లో ఆస్ట్రేలియా చేతిలో ఓడాం. 2017లో లార్డ్స్‌లో ఇంగ్లండ్‌పై 229 పరుగులు కొట్టాల్సి ఉండగా, 191కి మూడే వికెట్లు పడిన జట్టు 219కే ఆలౌటైంది. తొమ్మిది పరుగుల తేడాతో కప్పు పోయింది.

"ఫైనల్లో ఆమె 17కే రనౌట్ అయింది కదా మేడమ్" అన్నాడు ఒక అబ్బాయి. నిజమే, ఆ మాట కొట్టిపారేయలేం. పెద్ద మ్యాచ్‌లో ఒత్తిడి తట్టుకోవడం కూడా నైపుణ్యమే. కాబట్టి కప్పుకూ లెక్కలో చోటుంది. కానీ కప్పు పదకొండు మందిది. కెప్టెన్ ఎంత గొప్పదైనా చివరి ఏడు వికెట్లనూ తానొక్కతే కాపాడలేదు. వి.వి.ఎస్. లక్ష్మణ్ ప్రపంచకప్పులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 2001లో కోల్‌కతాలో ఆయన కొట్టిన 281ని ఎవరు మరిచిపోయారు?

మన కొనకనమిట్ల రైతుకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. వాన మొహం చాటేసిన ఏడాది కంది పండకపోతే ఆ రైతుకు వ్యవసాయం చేతకాదంటామా? దుక్కి, విత్తనం, కలుపు చూసి మాట్లాడతాం. వాన ఆయన చేతిలో లేదు.

మరో సంగతి. 2025 నవంబర్ 2న మన మహిళల జట్టు ప్రపంచకప్పు గెలిచింది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి మన పక్క కడప జిల్లా అమ్మాయే. గెలిచిన రాత్రి ఆ అమ్మాయిలు కప్పును మితాలీ చేతిలో కూడా పెట్టారు. ఆమె వేసిన బాట ఎంత విలువైనదో వాళ్లకు తెలుసు.

డిబేట్ అయ్యాక అదే అబ్బాయి మెల్లగా అడిగాడు: "మరి మా నాన్న ర్యాంకే కదా మేడమ్ అడిగేది?" నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే పేరెంట్స్ మీటింగ్‌లో నేను కూడా ముందు ర్యాంకే చెబుతున్నాను.

ర్యాంకు వద్దనడం లేదు. పోటీ పరీక్షల్లో అది అవసరమే. అయితే ర్యాంకు మీ పిల్లవాడి చదువుతో పాటు పక్కవాళ్ల మార్కుల మీద కూడా ఆధారపడుతుంది. లెక్కల్లో 61 నుంచి 70కి వచ్చిన పిల్లవాడి ర్యాంకు 9 నుంచి 12కి పడిపోవచ్చు. వాడు వెనకబడ్డాడా, ముందుకొచ్చాడా?

ఈసారి ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు ర్యాంకు కంటే ముందు ఈ మూడు అడిగి చూడండి.

1. పోయినసారి కంటే ఏ సబ్జెక్టులో మెరుగుపడ్డావు?
2. ఏ తప్పు మళ్లీ చేశావు? తెలియక చేశావా, తొందరలో చేశావా?
3. ఈ నెల ఎవరికైనా ఏదైనా నేర్పావా?

ర్యాంకు నాలుగో ప్రశ్నగా అడగండి. ఈసారి మీటింగ్‌లో నేనూ అదే వరుసలో మాట్లాడతాను.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
కొనకనమిట్ల