ఆరుద్ర కార్తెలో లాన్, వంటిల్లు: షామ్‌బర్గ్ తెలుగువారికి పురుగుమందు సలహాలు

ఆరుద్ర కార్తె వచ్చింది. అనంతపురం వైపు వేరుశనగ వేసేవాళ్లు తొలకరి పడ్డ సాయంత్రాల్లో వేప, రేగు చెట్ల మీద వాలే పెంకుపురుగుల కోసం కాపు కాస్తారు. కొమ్మలు దులిపి, కింద పడినవాటిని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తారు. వేళ్లు కొరికి చేను ఎండబెట్టే వేరుపురుగుకు తల్లి ఆ పెంకుపురుగే మరి. ఇక్కడ, ఇల్లినాయ్ రాష్ట్రం షామ్‌బర్గ్‌లోనూ సరిగ్గా ఇప్పుడే దాని దూరపు చుట్టం నేలలోంచి బయటికొస్తుంది. దీని పేరు జపనీస్ బీటిల్. 1916లో న్యూజెర్సీలో తొలిసారి కనబడి, మెల్లగా మన ఇల్లినాయ్ దాకా పాకింది. తల ఆకుపచ్చగా మెరుస్తుంది, రెక్కలు రాగిరంగు, పొట్టకు రెండు పక్కలా అయిదేసి తెల్లటి కుచ్చులుంటాయి. గులాబీ, ద్రాక్ష అంటే ప్రాణం. పెరట్లో బెండ, గోంగూర ఉన్నా వదలదు. ఈనెలు మిగిల్చి ఆకంతా తినేస్తుంది.

ఆకుల మీద పురుగులకు మన ఊరి పద్ధతే చాలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అవి మందకొడిగా ఉంటాయి. సబ్బునీళ్ల గిన్నె కింద పట్టి కొమ్మ తడితే అందులో పడతాయి. వాసనతో పిలిచే బీటిల్ ట్రాపులు మాత్రం కొనకండి. అవి పట్టే పురుగుల కన్నా, వీధిలోంచి మీ పెరట్లోకి రప్పించేవే ఎక్కువ.

లాన్‌కు అసలు చేటు దీని పిల్లతో. జూలైలో పచ్చికలో గుడ్లు పెడుతుంది. నెలాఖరు నుంచి ఆగస్టులోకి అవి పొదుగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వేరుపురుగు వేళ్లు తిని బలుస్తుంది, చలి ముదిరాక లోతుకు దిగిపోతుంది. వసంతంలో పైకి వచ్చి కొన్నాళ్లు తిని కోశస్థ దశలోకి పోతుంది. తెలియక డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఏప్రిల్‌లో మొక్క నాటడానికి తవ్వుతుంటే లావుపాటి తెల్లపురుగు చుట్టుకుని కనబడుతుంది, ఆ సాయంత్రమే దుకాణానికి పరుగెత్తి చంపే మందు తెచ్చి చల్లుతారు. అప్పటికి అది ముదిరిపోయి మందుకు లొంగదు. పైగా దాని తిండి రోజులు అయిపోవచ్చాయి. మందు పని చేసేది గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు మీద.

అందుకే సంచి మీద బొమ్మ కాదు, మూలపదార్థం పేరు చూడండి. క్లోరాంట్రానిలిప్రోల్ అయితే వేళ్ల దాకా దిగడానికి సమయం పడుతుంది, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల్లోపే వేయాలి. ఇమిడాక్లోప్రిడ్ అయితే జూన్ చివర, జూలై మొదట్లో. అంటే ఈ ఏడు వేయదలచుకున్నవాళ్లకు అదును ఇదే. ఆగస్టు, సెప్టెంబరుల్లో నష్టం కళ్లబడ్డాక కార్బరిల్, ట్రైక్లోర్‌ఫాన్ లాంటి వెంటనే చంపే రకాలే గతి.

వేయాలా వద్దా అన్నది వేరే మాట. నన్నడిగితే ఇక్కడి లాన్లలో చాలావాటికి ఏటా మందు అక్కర్లేదు. పక్కింట్లో వేయించారని మనమూ వేయించడం పెళ్లికి పెట్టే ఖర్చు లాంటిదే. ముందు లెక్కపెట్టండి. ఆగస్టు మధ్యలో గడ్డి పసుపు తిరిగినచోట చదరపు అడుగు మేర మూడు వైపులా పారతో కోసి, చాప చుట్టినట్టు వెనక్కి మడవండి. మట్టిలో రెండు అంగుళాల్లోపు ఉండేవి చేత్తో కదిపి చూడండి. గోధుమరంగు తల, ‘సి’ ఆకారంలో ముడుచుకున్న ఒళ్లు ఉంటే అదే. నాలుగైదు ఉంటే ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది. ఎనిమిది, పది దాటితేనే మందు. గడ్డి పట్టి లాగితే వేళ్లు లేకుండా పైకి లేచొస్తున్నా, రాత్రుళ్లు స్కంకులు, రకూన్లు వచ్చి తవ్విపోతున్నా అనుమానం గట్టిపడుతుంది. అసలు పురుగే లేకుండా నీటి ఎద్దడితో ఎండిన లాన్‌కు మందు పోసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

ఇంకో కిటుకు. చుట్టూ నేల ఎండిపోయి మీ ఒక్క లాన్ తడిగా ఉంటే తల్లిపురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. ఇక్కడ ఎక్కువగా ఉండే కెంటకీ బ్లూగ్రాస్ జూలై ఎండకు గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, వానలు పడితే మళ్లీ లేస్తుంది. ఆ నెల నీళ్లు బిగబట్టినా చచ్చిపోదు.

వేసేటప్పుడు ఇల్లు, డ్రైవ్‌వే తీసేసి గడ్డి ఉన్న మేర మాత్రమే కొలవండి. చాలా సంచుల మీద 5,000 చదరపు అడుగులకని ఉంటుంది. మీది రెండువేలే అయితే సంచి ఖాళీ చేయాలన్న ఆరాటం వద్దు. మోతాదు పెంచితే పురుగు రెండుసార్లు చావదు. గుళికలు చల్లిన వెంటనే అర అంగుళం నీళ్లు పెట్టకపోతే మందు పైనే ఆరిపోయి వేరు దాకా పోదు. కుండపోత వాన ఉందంటే మాత్రం ఆ రోజు మానేయండి. లాన్‌లో తెల్ల క్లోవర్ పూసి ఉంటే ముందు గడ్డి కోసేయండి, లేకపోతే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగల పాలిటి విషమవుతుంది. కాలిబాట మీద పడ్డ గుళికలను గడ్డిలోకి ఊడ్చేయాలి. వీధి కాలువ నీళ్లు శుద్ధి కాకుండానే చెరువుకో సాల్ట్ క్రీక్‌కో పోతాయి. బైఫెంత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు చేపలకు చిటికెడు చాలు.

మీ ఇంటి చుట్టూ గడ్డి పనిచేసేది కంపెనీ అయితే, మందు వేశాక పాతిన చిన్న బోర్డు చూడండి. ఆరేదాకా గడ్డి మీద నడవొద్దని అందులో ఉంటుంది. ఇల్లినాయ్ చట్టం ప్రకారం అది పెట్టి తీరాలి.

వేసవిలో డాబా మీదికి తెచ్చిన కరివేపాకు కుండీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొలుసుపురుగో పిండినల్లో పడితే, గులాబీలకని అమ్మే వేరుద్వారా ఎక్కే గుళికలు కొందరు దాంట్లో వేస్తున్నారు. ఆ మందు ఆకులోకి చేరి కూర్చుంటుంది. ఆ ఆకే మనం చారులో వేసుకుంటాం. తులసికీ అంతే. నీటి ధారతో కడగండి, కాండం మీది పొలుసులను పాత టూత్‌బ్రష్‌తో గీకండి, తప్పదంటే తినే మొక్కలకు వాడవచ్చని లేబుల్ మీద ఉన్న సబ్బు మందు వాడండి.

మన ఊళ్లో పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు చూసి విషం తీవ్రత తెలుసుకునేవాళ్లం. ఇక్కడ రంగు ఉండదు, మాట ఉంటుంది: అన్నిటికన్నా ఘాటుది ‘డేంజర్’, తరువాత ‘వార్నింగ్’, ఆ కిందిది ‘కాషన్’. ఇంట్లోకి ‘కాషన్’ దాటినది తేవాల్సిన అవసరం అరుదు. పర్యావరణ పరిరక్షణ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు కూడా డబ్బా మీద ఉండాలి. మినహాయింపు ఉన్న కొద్ది రకాలు తప్ప, అది లేని సరుకు ఈ దేశంలో అమ్మడమే నేరం. మరి సూట్‌కేసుల్లో వచ్చే లక్ష్మణరేఖ లాంటి సుద్దముక్క సంగతి? పురుగుమందు సుద్ద ఇక్కడ చట్టవిరుద్ధం. పిల్లలకు అది పలక మీద రాసుకునే సుద్దలాగే కనబడుతుంది. అమ్మ పంపినా సరే, ఇంట్లో ఉంచకండి. పట్టుచీరల్లో వేసే కలరా ఉండలు గాలి చొరని పెట్టెలో తప్ప బయట వద్దు. జీ6పీడీ లోపం ఉన్న పసివాళ్లకు ఆ నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి. ఉడుతలు రాకుండా మొక్కల మొదట్లో వేయడమూ నిషిద్ధమే.

వంటింట్లో చీమలకు స్ప్రే కొడితే కనబడే కూలీలే చస్తాయి, రాణి సుఖంగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. బోరాక్స్ తీపి ఎర పెట్టి, రెండుమూడు రోజులు చీమల బారును కదపకుండా ఓర్చుకోండి, ఎరను అవే ఇంటికి మోస్తాయి. బొద్దింకలకు జెల్ ఎర చిన్న చుక్కలుగా సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టండి. దాని పక్కనే స్ప్రే కొడితే అవి ఎర దగ్గరికే రావు. అద్దె ఇల్లయితే ముందు అపార్ట్‌మెంట్ ఆఫీసుకు చెప్పండి, గోడ అవతల వైద్యం చేయకుండా మీ ఒక్క ఇంట్లో చేసి లాభం లేదు. దోమలకు బకెట్లు, కుండీ పళ్లేల్లో నీళ్లు వారం లోపు పారబోస్తే సగం పని అయినట్టే. వెస్ట్‌నైల్ జ్వరం 2002లో దేశంలో మరెక్కడా లేనంతగా ఇల్లినాయ్‌నే పట్టుకుంది.

మందు మిగిలితే కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చకండి, సింకులో పోయకండి. నేపర్‌విల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఇల్లినాయ్‌వాసుల దగ్గర తీసుకుంటుంది, వేళలు చూసుకుని వెళ్లండి. పిల్లల నోట్లోకి పోయిందన్న అనుమానం వస్తే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. మూర్ఛ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911. ఫోన్ చేసేటప్పుడు డబ్బా చేతిలో ఉంచుకోండి, దాని మీద ఉన్న మూలపదార్థం పేరు వాళ్లకు చెప్పాల్సి ఉంటుంది.